సైగల టేపు

పరుగు!

లెన్ విస్నెస్కి మోకాలు కలుక్కుమంటుంది. అయినా పరుగు ఆపడు.

అరవై ఒక్కేళ్లు. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ సెక్యూరిటీలో పదకొండో సీజన్. అంతకుముందు ఇరవై ఆరేళ్లు పోలీసు ఉద్యోగం. తరమడం అలవాటే. పట్టుకోవడమే ఈమధ్య కష్టంగా ఉంది.

ముందు జాకెట్టు, మఫ్లరు వేసుకున్నవాడు. చంకలో వీడియో కెమెరా.

ఈరీ జట్టు స్టేడియం కింది ర్యాంపు. మంచు తొక్కిన బూట్లు, ఒలికిన బీరు... సిమెంటు జారుతోంది. పైన డెబ్భై వేలమంది అరుస్తున్నారు. చివరి క్వార్టరులో ఇంకా తొమ్మిది నిమిషాల ఆట ఉంది.

"ఆగు!"

వాడు ఆగడు.

సాసేజిల బండి అడ్డం వస్తుంది. వాడు తప్పుకుంటాడు. లెన్ తప్పుకోలేడు...

ఢాం! ఉల్లిపాయల ట్రే నేల మీద.

"కళ్లు ఇంట్లో పెట్టొచ్చావా, ముసలాయనా!" బండి నడిపే ఆవిడ అరుస్తుంది.

"మోకాళ్లు కూడా!" అంటూనే లెన్ మలుపు తిరుగుతాడు.

మలుపు చివర తలుపు. వాడు గడియ లాగుతాడు. రాదు. ఇంకోసారి. రాదు!

లెన్ కాలరు పట్టుకుంటాడు.

ఇద్దరికీ ఊపిరాడదు. 

"ఎవరు నువ్వు?"

"పెళ్లి వీడియోలు తీస్తాను. గ్రౌండులో గీతలేసేవాళ్ల మీద చిన్న సినిమా తియ్యమన్నారు."

"మరి పరిగెత్తావెందుకు?"

"నువ్వు తరిమావు గదా!"

లెన్ కెమెరా లాక్కుని తెర తెరుస్తాడు. టేపు తిప్పుతాడు.

స్కోర్‌బోర్డు. మూడో ప్రయత్నం, ఏడు గజాలు.

తర్వాత ఎదుటి జట్టు టొలీడో సైగల కోచ్ చేతులు. భుజం, మోచెయ్యి, టోపీ.

తర్వాత ఆట.

మళ్లీ స్కోర్‌బోర్డు. మళ్లీ చేతులు. మళ్లీ ఆట.

గీతలేసేవాళ్లు ఎక్కడా లేరు.

"పెళ్లి వీడియోవాడు స్కోర్‌బోర్డుతో మొదలుపెట్టడయ్యా" అంటాడు లెన్. "ఎన్నో ప్రయత్నమో, ఎన్ని గజాలు కావాలో తెలియకపోతే సైగకి అర్థం కట్టలేం. ఆ సంగతి ఫుట్‌బాల్‌లో పుట్టి పెరిగినవాడికే తెలుస్తుంది."

వాడి మఫ్లరు కిందికి లాగుతాడు.

టిప్పెట్!

అర్ల్ టిప్పెట్. ఏడేళ్ల కిందట టొలీడో జట్టులో సైగల కోచ్. ఆదివారం ఆదివారం మైదానం అంచున నిలబడి, డిఫెన్స్ ఏ ఎత్తు వెయ్యాలో పదకొండుమందికీ చేతులతో చెప్పేవాడు. ఒక సీజన్లో అతను చెప్పిన ప్రతి ఎత్తుకీ ఎదుటి జట్లు ముందే జవాబు సిద్ధం చేసుకున్నాయి. 'నీ సైగలు బళ్లో పిల్లలు కూడా చదివేస్తున్నారు' అని టొలీడో అతన్ని పంపేసింది.

అతని చేతుల్ని ఈరీవాళ్లు దొంగతనంగా టేపు తీశారు. ఆ టేపు లెన్‌కి దొరికింది కూడా. లీగ్ ఆఫీసు పగలగొట్టమంది. లెన్ బూటు మడమ కింద పెట్టి తొక్కాడు.

తన తప్పు లేదని చూపించుకోడానికి ఆ టేపు కోసం టిప్పెట్ మూడు ఉత్తరాలు రాశాడు. లెన్ ఒక్కదానికీ జవాబివ్వలేదు.

"ఈరీకా పనిచేస్తున్నావు?" అంటాడు లెన్. "నిన్ను ముంచింది వీళ్లే గదా!"

"ఇంకెవరు పిలిచారు నన్ను? చేతులు చదవడంలో నా అంతవాడు లేడు. అది వీళ్లొక్కళ్లకే తెలుసు."

"దొంగతనం, అర్ల్."

"కళ్లతో చూసి రాసుకుంటే తెలివి. కెమెరాతో చూస్తే దొంగతనం. డెబ్భై వేలమంది ముందు చేతులూపుతారు... చూసినవాడిదా తప్పు?"

"కన్ను మర్చిపోతుంది. టేపు మర్చిపోదు."

"నా టేపు మర్చిపోయింది. నీ బూటు కింద."

లెన్ తలుపుకి ఆనుకుంటాడు.

"ఈ టేపు హాఫ్‌టైమ్‌లో చూశారా?"

"చూశారు. పన్నెండు నిమిషాలు చాలు. అప్పటికి టొలీడో పదిహేడు, మేం మూడు. ఇప్పుడు మేం ఇరవై నాలుగు. వాళ్లు అక్కడే ఉన్నారు."

"ఆ సైగల కుర్రాడెవరు?"

"కోరీ బెల్. ముప్పై మూడేళ్లు. రేపటికి ఉద్యోగం ఉండదు."

"తెలిసే తీశావా?"

"నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది, లెన్?"

ఫోన్! న్యూయార్క్ నుంచి. లీగ్ ఆఫీసు.

"దొరికిందా?"

"దొరికింది."

"పగలగొట్టెయ్. సీజన్ మధ్యలో గొడవొద్దు. ఫోన్ పెట్టకు. శబ్దం వినాలి నేను."

లెన్ కెమెరాలోంచి టేపు తీస్తాడు. టిప్పెట్ చూస్తుంటాడు. అతని భుజానికున్న సంచిలో టేపు పెట్టుకునే ఖాళీ డబ్బా కనిపిస్తుంది. లెన్ దాన్ని నేలమీద పడేస్తాడు. మడమెత్తి...

కరక్!

"అయిపోయింది" అని ఫోన్ పెట్టేస్తాడు. టేపు కోటు లోపలి జేబులోకి వెళుతుంది.

పదకొండు సీజన్లలో ఆఫీసుకి చెప్పిన మొదటి అబద్ధం.

"వెర్రి పని చెయ్యకు!" టిప్పెట్ అతని చెయ్యి పట్టుకుంటాడు. "అది బయటికొస్తే నాకీ లీగులో నీళ్లు కూడా పుట్టవు."

"తెలుసు."

"అప్పుడు పగలగొట్టి ముంచావు. ఇప్పుడు పగలగొట్టకుండా ముంచుతావా?"

 ఒకే టేపు కోరీనీ, ఇతన్నీ ఇద్దర్నీ కాపాడదు. ఆ సంగతి టిప్పెట్‌కీ తెలుసు. చెయ్యి వదిలేస్తాడు. గోడకానుకుని కూర్చుండిపోతాడు.

పైనుంచి ఒక్కసారిగా అరుపులు... ర్యాంపు అదురుతుంది. ఈరీ మళ్లీ కొట్టింది.

ముప్పై ఒకటి, పదిహేడు. ఆట ముగిసింది.

టొలీడో లాకర్ రూం.  కోరీ బెల్ బెంచీ చివర కూర్చున్నాడు. టోపీ తియ్యలేదు. పక్కన ఎవరూ కూర్చోలేదు.

హెడ్ కోచ్ హార్లన్ డ్రూ వీడియో బల్ల దగ్గర చూయింగ్ గమ్ నములుతున్నాడు.

"కోచ్" అంటాడు లెన్. "ఈ కుర్రాడి తప్పు లేదు. ఇది చూడండి."

టేపు తిరుగుతుంది. ఒక నిమిషం. రెండు నిమిషాలు.

కోరీ లేచి వస్తాడు. తెర మీద తన చేతులు!

"చెప్పాను గదా, కోచ్! నా సైగలు అంత తేలికేం కావని..."

డ్రూ వేలెత్తుతాడు. కోరీ ఆగుతాడు.

డ్రూ టేపు వెనక్కి తిప్పుతాడు. మళ్లీ చూస్తాడు. మూడోసారి కూడా.

"లీగుకి రాయండి" అంటాడు లెన్. "నేను సంతకం పెడతాను. ఉద్యోగం పోయినా ఫర్వాలేదు."

"రాస్తే ఏమవుతుంది?"

"నిజం తెలుస్తుంది."

"స్కోరు మారుతుందా?"

 

డ్రూ టేపు తీసి చొక్కా జేబులో వేసుకుంటాడు.

"కోరీ, నీ లాకరు ఖాళీ చెయ్యి నాయనా."

"కోచ్! ఇప్పుడేగా చూశారు! నా తప్పు కాదని..."

"చూశాను. నీ చేతులు ఇప్పుడు వాళ్లకి కంఠతా వచ్చు. నాకెందుకు పనికొస్తావు?"

కోరీ లెన్ వైపు చూస్తాడు. లెన్ నేల వైపు చూస్తాడు.

"ఒక్క సైగ తప్పిపోలేదు" అంటాడు డ్రూ. తనలో తనే మాట్లాడుకుంటున్నట్టుంది. "ఒక్కటీ! మొదట స్కోర్‌బోర్డు, తర్వాత చెయ్యి... ఎవడయ్యా తీసింది?"

"ఏడేళ్ల కిందట ఇదే ఉద్యోగంలోంచి మీరు గెంటేసినవాడు. అర్ల్ టిప్పెట్."

నమలడం ఆగిపోతుంది.

డ్రూ తలెత్తుతాడు. చెవి వెనకనుంచి పెన్సిల్ తీస్తాడు.

"ఫోన్ నంబరుందా?"