గట్టి నేల మీద దిగినవాడు

శవం తూము కింద బోర్లా పడి ఉంది.

కోదండరామయ్య మాస్టారు. రిటైరై నాలుగేళ్ళు. తల వెనక గాయం. తూము రాతి అంచున నెత్తురు ఎండిపోయింది. కింద నీళ్ళు నల్లగా, కదలకుండా ఉన్నాయి. కళ్ళజోడు మాత్రం గట్టు మీదే మిగిలింది.

1998 అక్టోబరు. నాగాయలంకకు దిగువన, ఉప్పుగాలి తగిలే చిన్న ఊరు. సి.ఐ. వీరాంజనేయులు వచ్చేసరికి ఎస్సై అప్పటికే ఒకణ్ణి పట్టుకున్నాడు.

"చేపల రాము సార్. మాస్టారు ఎదురైతే సైకిల్ దిగలేదని నెల కిందట ప్రకాష్ గారు వీణ్ణి అందరి ముందూ కొట్టారు. ఆ పగ మాస్టారి మీద పెట్టుకున్నాడు."

"ప్రకాష్ ఎవరు?"

"రొయ్యల చెరువులాయన. మాస్టారి శిష్యుడే. సాయంత్రం రాముని కోర్టులో పెట్టి, బందరు సబ్‌జైలుకి పంపేద్దాం సార్."

వీరాంజనేయులు గట్టు మీద వంగాడు. నేల చూస్తున్నాడు.

ఒకే సైకిల్ జాడ. రొయ్యల చెరువుల వైపు నుంచి వచ్చింది. గట్టు జారే చోట ఎవరో ఊక పోశారు. జాడ ఆ ఊక మీదుగానే సాగింది. ఊక దాటి నేల గట్టిపడ్డాక, జాడకు ఎడమ పక్కన చెప్పుల అడుగులు మొదలయ్యాయి. తూము దాకా నడిచాయి. అక్కడ పక్కపక్కనే రెండు నొక్కులు. సైకిల్‌కి స్టాండ్ వేసిన గుర్తులు.

తిరుగు జాడ పక్కన అడుగులు లేవు.

"ఊక ఎవరు పోశారు?"

శవాన్ని మొదట చూసిన, తూములూ కాలవలూ చూసుకునే లస్కరు పాండురంగ ముందుకొచ్చాడు. కాళ్ళకు చెప్పుల్లేవు. "నేనేనండీ. నిన్న సాయంత్రం అయిదింటికి. పిల్లలు జారి పడతారు, కాస్త ఊక పొయ్యవయ్యా అని మాస్టారే అన్నారు."

"ఈ గట్టున సైకిళ్ళ మీద తిరిగేదెవరు?"

"నేనూ, రామూనండీ. బురద రోజుల్లో మోటార్‌సైకిల్ సాగదుగా, అప్పుడు ప్రకాష్ గారూ వస్తారు."

మాస్టారి భార్య రాఘవమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు.

"ఇవాళ ఎమ్మార్వో గారు వస్తారన్నారండీ. మంచినీళ్ళ చెరువులోకి ఉప్పునీళ్ళ గొట్టం ఎక్కడ కలుస్తోందో మా ఆయన చూపిస్తానన్నారు. నిన్న పొద్దువాలాక చూసొస్తానని వెళ్ళారు."

"ఎవరి గొట్టమో చెప్పారా?"

"లేదండీ. ముందు వాడితో నేనే మాట్లాడతాను అన్నారు."

అప్పుడే పోస్ట్‌మాన్ వీధి మలుపు తిరిగాడు. మలుపులోనే సైకిల్ దిగాడు. తలవంచుకుని ఇల్లు దాటేదాకా నడిపించుకుంటూ వెళ్ళాడు. దాటాక ఎక్కాడు.

"అలా దిగాడేంటమ్మా?"

"ఆయన దగ్గర చదివినవాళ్ళంతా అంతేనండీ. వద్దురా, ఎండలో నడవకండ్రా అన్నా వినేవాళ్ళు కాదు." ఆమె గొంతులో ఒక్క క్షణం గర్వం మెరిసి ఆరిపోయింది.

వీరాంజనేయులు మలుపు వైపే చూస్తూ ఉండిపోయాడు.

స్టేషన్ మెట్ల మీద రాము భార్య ముత్యాలమ్మ కూర్చుని ఉంది. లోపల రాము మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు.

"మాస్టారు ఎదురైతే దిగవంటగా?" అడిగాడు సి.ఐ.

"గంపనిండా చేపలతో దిగితే మళ్ళీ ఎక్కించేవాడుండాల గదండీ? ఎనక ఎవరన్నా పట్టుకోవాల. బెల్లు కొట్టి దండం పెట్టేవోణ్ణి. 'పోరా రామూ, నీ చేపలు కుళ్ళిపోతాయి' అని నవ్వేవోరు. కొట్టింది ప్రకాష్ గారు. మాస్టారొచ్చి నా చెంప తడిమి చూశారండీ." అతను ఆ చెంపే తడుముకున్నాడు. "నన్ను బందరు పంపేస్తారంటగా?"

సాయంత్రం నాలుగింటికి మాస్టారి అరుగు ముందు అందరూ చేరారు. ఆ గట్టున తిరిగే మూడు సైకిళ్ళూ తెమ్మన్నాడు సి.ఐ.

రాముది డబుల్ బార్ సైకిల్. వెనక తలుపంత క్యారియర్. పాండురంగది కూతురు వదిలేసిన లేడీస్ సైకిల్. మూడోది ఇంకా రాలేదు.

వీరాంజనేయులు వీధి మలుపు వైపే చూస్తున్నాడు.

ప్రకాష్ వచ్చాడు. తండ్రి నాటి నల్ల సైకిల్. చైన్‌ని పూర్తిగా మూసేసే ఫుల్ గేర్‌కేస్. మలుపులో దిగాడు. ఎడమ పక్కన నడుస్తూ అరుగు దాకా వచ్చి రెండుకాళ్ళ స్టాండ్ వేశాడు.

"ఈ సైకిల్ మీద గట్టుకెళ్ళి ఎన్నాళ్ళయింది?"

"వానలు మొదలయ్యాక అసలు బయటికే తియ్యలేదండీ. మీరు అడిగారని తుడిచి తెచ్చాను."

"సరే." సి.ఐ. గొంతు పెంచలేదు. "తూము దగ్గర స్టాండ్ గుర్తులు రెండున్నాయి. రాము సైకిల్‌కి స్టాండే లేదు. బరువుకి ఆగదని తీసేసి, కర్ర పోటు పెడతాడు. పాండురంగది ఒంటికాలి స్టాండ్. పైగా ఆయన చెప్పులు తొడగడు."

"ఊళ్ళో ఇలాంటి స్టాండ్లు వంద ఉంటాయండీ."

"ఉంటాయి. కానిస్టేబుల్! గేర్‌కేస్ విప్పు."

స్క్రూలు ఊడాయి. రేకు తెరుచుకుంది. నల్ల గ్రీజుతో కలిసి తడి బురద కింద పడింది. బురద నిండా ఊక.

"పైన తుడిచారు. లోపల తుడవడం కుదరదు. ఆ ఊక నిన్న అయిదింటికి పోసింది."

ప్రకాష్ పెదవులు తడుపుకున్నాడు.

"నాకు మొదట అర్థం కానిది ఒకటే," అన్నాడు సి.ఐ. "జారే చోట దిగలేదు. దాటాక గట్టి నేల మీద దిగాడు. ఎందుకు? అక్కణ్ణించి తూము కనబడుతుంది. తూము మీద మాస్టారు కనబడ్డారు. అలవాటు కొద్దీ దిగాడు. వెళ్ళేటప్పుడు మాత్రం అక్కడే ఎక్కేశాడు. అప్పటికి దిగి నడవాల్సిన మనిషి లేరు."

ప్రకాష్ నేల మీద కూలబడ్డాడు. "ఈ పంట అయ్యేదాకా ఆగండి మాస్టారూ అన్నాను. చేతులు పట్టుకున్నాను. ఆ నీళ్ళు పసిపిల్లలు తాగుతున్నార్రా అన్నారు. ఒక్క తోపు తోశానండీ."

రాఘవమ్మ మెల్లగా అడిగింది. "దిగే వెళ్ళాడా ఆయన దగ్గరికి?"

"దిగే వెళ్ళాడమ్మా. స్టాండ్ కూడా వేశాడు."

ఆమె ఆ నల్ల సైకిల్ స్టాండ్ వైపే చూసింది.

ప్రకాష్‌ను ఎక్కించుకుని జీపు వెళ్ళింది. జనం పలచబడ్డారు. ముత్యాలమ్మను ముందు నడవమని, రాము తన సైకిల్ తీసుకున్నాడు. వీధి చివరిదాకా వెళ్ళి, ఏమనుకున్నాడో వెనక్కి తిరిగాడు. గంప ఖాళీగా ఉంది. మలుపు దగ్గర, మొదటిసారి, దిగాడు. చెప్పులు ఈడ్చుకుంటూ, సైకిల్ నడిపించుకుంటూ అరుగు వైపు వస్తున్నాడు.

సైకిల్ దిగి నడిచొస్తున్న ఆ చప్పుడు రాఘవమ్మ విన్నది. ఎవరా అని తల ఎత్తి చూడలేదు. చటుక్కున లేచి లోపలికి వెళ్ళి తలుపు మూసుకుంది.

లోపల గడియ పడింది.