రోకలి గుర్రానికి గడ్డి

కుందనగిరి రాజ్యానికి పెద్ద కష్టం వచ్చిపడింది. కొత్తగా పట్టం కట్టుకున్న ఉదయసేన మహారాజు సింహాసనం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే రాయిగా మారిపోతున్నాడు. కారణం వింటే మీకు నవ్వొస్తుంది. పట్టాభిషేకం నాడు సభకొచ్చిన కరాళుడనే మాంత్రికుడి తలపాగా జారి ముక్కు మీద పడింది. రాజు పకపకా నవ్వేశాడు. అంతే, మాంత్రికుడికి ఒళ్ళు మండింది.

"ఇంకా పసితనం పోలేదా నీకు? ఆ పసితనం గుర్తే లేకుండా పోతుంది. పాదాల నుంచి పైకి రాయివైపోతావు. రాయి కళ్ళ దాకా పాకిందంటే నిన్ను కాపాడటం ఎవరి తరమూ కాదు" అని శపించి వెళ్ళిపోయాడు.

వైద్యులు లేపనాలు పూశారు, పురోహితులు హోమాలు చేశారు. రాయి మోకాళ్ళు దాటింది.

ఆ కోటలో తోటమాలి కూతురు చెంగల్వ ఉండేది. చిన్నప్పుడు రాజుకు ఆటల తోడు ఆమే. వంటశాల వెనక పెరట్లో ఇద్దరూ ఆడని ఆట లేదు. రోకలి వాళ్ళ గుర్రం, చేట డాలు, మూలనున్న రుబ్బురోలు రాక్షసుడు. గుర్రానికి గడ్డి పెట్టనిదే ఉదయసేనుడు ఎక్కేవాడు కాదు. ఆకలితో ఉన్న గుర్రం ఎగరదని పట్టుబట్టేవాడు. ఎంత చక్కని రోజులవి! నాకూ ఉండేది అలాంటి పెరడొకటి. ఇప్పుడక్కడ ఏముందో అడక్కండి, చెప్పబుద్ధి కాదు.

చెంగల్వ వెళ్ళి ఎదుట నిలబడితే, "ఎవరీ అమ్మాయి?" అని రాజు మంత్రిని అడిగాడు. ఆమె పెరట్లో కూర్చుని కడుపారా ఏడ్చి, మర్నాడు అడవిదారి పట్టింది.

కొండ మీద తపస్సు చేసుకుంటున్న శరభముని ఆమె గోడంతా విన్నాడు.

"పోయిన పసితనం మందులతో రాదు తల్లీ. కళ్ళారా చూస్తే రావచ్చు. ఉత్తరాన ఒక గుహలో బింబమణి ఉంది. దాని ముందు పిల్లలు ఆడుకుంటే, వాళ్ళ మనసుకు కనిపించేదంతా అందులో నిలిచిపోతుంది. వెనక దీపం పెట్టి తెల్లగుడ్డ మీద వెలుగు పడనిస్తే ఆ బొమ్మలు కదులుతాయి, మాట్లాడతాయి" అన్నాడు.

మీరు చూసే సినిమా లాంటిదే అనుకోండి. వాళ్ళకు ఆ పేరు తెలియదు, అంతే.

గుహ ముందు గండభీముడనే రాక్షసుడు కాపలా ఉన్నాడు. చెంగల్వ చేతిలో కత్తి లేకపోవడం చూసి వాడికి ఆశ్చర్యం వేసింది.

"మణి కావాలా? నాతో ఆడితే ఇస్తా. వచ్చినవాడల్లా కొట్లాటకు దిగేవాడే. ఆడినవాడు ఒక్కడూ లేడు" అన్నాడు దిగులుగా.

"ఏ ఆట ఆడదాం?"

"దాగుడుమూతలు."

గండభీముడు పరుగెత్తి ఒక తుమ్మచెట్టు వెనక దాక్కున్నాడు. పొట్ట ఇటు, వీపు అటు కనిపిస్తూనే ఉన్నాయి. చెంగల్వ ఆ చెట్టు పక్కనే నిలబడి, "ఎక్కడికి పోయాడబ్బా" అంటూ పొదలన్నీ వెతికింది. నవ్వాపుకోలేక వాడే బయటికొచ్చాడు.

"నువ్వే గెలిచావు" అంది చెంగల్వ.

రాక్షసుడు కళ్ళు తుడుచుకుని మణి ఆమె చేతిలో పెట్టాడు. "మళ్ళీ ఎప్పుడొస్తావు?" అని అడిగాడు.

"నేను రాను. నీకే కబురు పెడతాను" అంది.

ఆమె తిరిగొచ్చేసరికి రాయి రాజు మెడ దాకా పాకింది. చెంగల్వ పెరట్లోకి పరుగెత్తి, వంటమనిషి మనవరాలు పొన్నినీ, గుర్రాలశాల చూసేవాడి కొడుకు సోముణ్ణీ పిలిచింది. "సోమూ, నువ్వు రాజువి, ఇలా నిలబడు. పొన్నీ, చేట ఇలా పట్టుకో, నేను చెప్పినట్టు అను" అని తమ పాత ఆటంతా నేర్పింది. తీరా మణి ముందు ఆడించి, గుడ్డ మీద వేసి చూస్తే రోకలి రోకలిగానే ఉంది, పిల్లలు ఆవలిస్తూ ఉన్నారు.

"ఇది నీ ఆటక్కా. మా ఆట ఇట్లా ఉండదు" అంది పొన్ని ముక్కు చీదుకుంటూ.

చెంగల్వకు సిగ్గేసింది. పెద్దవాళ్ళు వచ్చి ఇలా ఆడండి, అలా ఆడండి అంటే చిన్నప్పుడు తమకెంత ఉడుకుమోత్తనం వచ్చేదో గుర్తొచ్చింది.

"సరే, మీ ఆటే ఆడండి. నన్నేం చేయమంటారు?"

"నువ్వు కొండవి. కదలొద్దు" అన్నాడు సోముడు.

ఆమె నేల మీద బోర్లా పడుకుని మణిని వాళ్ళకేసి పట్టుకుంది. పిల్లలు ఆమె వీపు మీదుగా ఎక్కి దిగారు. నడుము విరిగినంత పనైనా కొండ కదల్లేదు.

సభలో తలుపులు మూసి, తెల్లదుప్పటి కట్టి, మణి వెనక దీపం పెట్టారు. కుడితి గోలెం సముద్రమై పొంగింది. మంత్రులు తడుస్తామని పంచెలు ఎగ్గట్టుకున్నారు. రుబ్బురోలు లేచి గర్జించింది. రాయి అప్పటికే రాజు గడ్డం అంచుకు చేరింది. ఆయన ఏమీ పట్టనట్టు చూస్తున్నాడు. చెంగల్వ తెరను చూడలేదు, ఆయన ముఖాన్నే చూస్తూ నిలబడింది.

తెర మీద సోముడు నల్లగుర్రం మీదికి దూకాడు. రాజు కనుబొమలు ముడిపడ్డాయి.

"ఆగండి. గడ్డి పెట్టకుండానే ఎక్కుతున్నారేమిటి? ఆకలితో ఉన్న గుర్రం ఎగరదు" అని, "వాళ్ళకి చెప్పవేం చెంగల్వా?" అన్నాడు.

తన పేరు వినగానే ఆమె ఏడ్చేసింది. రాయి ఎండిన బంకమట్టిలా పెళ్ళలుగా రాలింది. రాజు లేచి నిలబడి తన చేతులు తానే తడుముకున్నాడు.

"మా గుర్రం గడ్డి తినదు, బెల్లం తింటుంది" అంది పొన్ని ముందు వరుసలోంచి, కోపంగా.

తోటమాలి కూతురు కుందనగిరికి రాణి అయింది. పెళ్ళినాడు, కబురందుకున్న గండభీముడు వచ్చి పందిరి గుంజ వెనక దాక్కున్నాడు. ఊరంతా వాణ్ణి చూడనట్టే తిరిగింది. పెళ్ళికొడుకు కోసం పట్టపుటేనుగును అలంకరించారు గానీ, ఆయన వద్దని పెరట్లోంచి పాత రోకలి తెప్పించాడు. దాని ముందు గుప్పెడు గడ్డి వేశాడు. పొన్ని వైపు ఒకసారి చూసి, చిన్న బెల్లంముక్క కూడా పెట్టాడు. గుర్రం తినేదాకా ముహూర్తాన్ని ఆపి, అప్పుడెక్కాడు.