జైలు వెనక మెట్ల మీది గొంతు

హాంకాంగ్‌లో తెల్లదొరల కాలం నాటి జైలు వెనక, గోడ వారగా నిటారుగా రాతిమెట్లుండేవి. పొద్దు వాలాక ఆ దారిన కుక్క కూడా పోయేది కాదట. చీకట్లో వెనకనుంచి ఎవరో "ఏ రోజయ్యా...?" అని అడిగేవారట. అడిగేది మన చావు రోజే — నోరు తెరిచి పలికామా, ఇక అంతే అని జనం నమ్మకం.

యిప్ సిక్-ఫాయ్‌కి మాత్రం ఇంటిదారి అదే. కోర్టులో దుబాసీ ఆయన. ఉరిశిక్ష పడ్డవాళ్ల తల్లులూ పెళ్లాలూ చీనా భాషలో రాయించుకొచ్చే అర్జీల్ని ఇంగ్లీషులోకి మార్చి పైకి పంపాలి. పైన గవర్నరు దొరా, ఆయన సలహాదారులూ కూర్చుని, ప్రాణం తీయాలో ఉంచాలో తేల్చేవారు. జవాబు ఆ ఆడవాళ్లకి ఇంగ్లీషులోనే పోయేది. దాన్ని చీనాలోకి మార్చమని ఇరవై రెండేళ్లలో ఆయన్ని ఎవరూ అడగలేదు.

ఆ రాత్రి మూడు అర్జీలు ముగించి, నడుం పట్టుకుని బయటపడ్డాడు. మెట్ల కింద గంజి అమ్మే లౌ నవ్వాడు.

"చుట్టూ తిరిగి పోండి గురువుగారూ! అది పట్టుకుంటే?"

"పట్టుకుని ఏం తింటుందిరా? మిగిలినవి ఎముకలేగా!"

సగం మెట్లెక్కాడు... ఆయాసంతో ఆగాడు.

వెనక — ఉత్తకాళ్ల చప్పుడు.

"ఏ రోజయ్యా...?"

పరుగెత్తుదామంటే కాళ్లు రాలేదు. భయం సగం, అలసట సగం. అక్కడే కూలబడ్డాడు.

"ఎవరి... రోజు?"

చీకట్లోంచి ఓ చెయ్యి ముందుకొచ్చింది. తాళ్లు లాగి కాయలు కాచిన ముసలి చెయ్యి. అందులో మడతల దగ్గర చిరిగిన కాగితం.

"నా కొడుకు ఆ-షుయ్ రోజయ్యా. పడవ మీదే నా బతుకు. అర్జీ పెట్టుకుంటే రెండేళ్ల కింద ఈ జవాబొచ్చింది. ఎర్ర ముద్ర చూసి, ఉరే అన్నారు రేవులో అందరూ. ఏ రోజు తీశారో తెలిస్తే, ఏటా ఆ రోజున వాడికింత అన్నం పెట్టుకుంటాను. పగలు కాపలావాళ్లు తరుముతారు. రాత్రి అడిగితే... మనుషులు పారిపోతున్నారు."

యిప్ అగ్గిపుల్ల గీశాడు. వేళ్లు చురుక్కుమనేదాకా చదివాడు. ఇంకోటి గీసి మళ్లీ చదివాడు. తను పంపిన అర్జీకి జవాబు కళ్లారా చూడటం అదే మొదలు.

"అమ్మా... ఇందులో రోజు లేదు. ఉరి రద్దు చేశారు. యావజ్జీవం వేశారు. నీ కొడుకుని ఉరి తీయలేదమ్మా!"

ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. జైలు గోడకేసి చూసింది. తర్వాత, మెల్లగా, రేవు వైపు తిరిగింది.

"మరి..." అంది. "రెండేళ్లుగా రాత్రిపూట నా పడవెక్కి, 'ఆకలే అమ్మా' అంటూ నా పక్కన పడుకుంటున్నదెవరయ్యా?"