బాలింత గదిలో కుంపటి

ఆ చలికాలం మొదలయ్యేనాటికి నూర్ మహమ్మద్ చేతిలో ఉన్నవి ఇవి. అబ్బాసియాలో ఒక చిన్న కొట్టు, అందులో అమ్మకానికి పెట్టిన హీటర్లు, గీజర్లు, బాగుచేసిన పాత ఫ్యాన్లు. కొట్టుకు రెండు వీధుల అవతల మూడో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు. ఆ ఫ్లాటులో భార్య గౌసియా బీ, తొలి కాన్పుకు పుట్టింటికొచ్చిన కూతురు మిస్బా, కళ్లు ఇంకా సరిగా తెరవని మనవడు, నలభై రోజుల పురిటి చిల్లా దగ్గరుండి చూడ్డానికి రాయచోటి నుంచి విజిట్ వీసా మీద వచ్చిన తల్లి బషీరా బీ. ఇవి కాక, ఇరవై ఏళ్లకు పైగా కువైట్‌లో బరువులు మోసి మోసి సొంతం చేసుకున్న అలసట.

బాలింత గదిలో ఉన్న హీటరు రెండు గొట్టాలది. ఒక గొట్టం వెలగదు. ఎవరో సొంత దేశం వెళ్లిపోతూ కొట్టులో పడేసి పోయిన సరుకు అది. అమ్ముడుపోనిది ఇంటికి తెచ్చుకోవడం, అమ్ముడుపోయేది కొట్టులో ఉంచడం నూర్ మహమ్మద్ మొదటినుంచీ పాటిస్తున్న పద్ధతి. ఆ పద్ధతి వల్లే కొట్టు నిలబడిందని ఆయన నమ్మకం.

ఆ పొద్దున గౌసియా బీ టీ గ్లాసు ఆయన ముందు పెట్టి, అక్కడే నిలబడింది. ఆమె ఇండియన్ స్కూల్లో ఆయా. వ్యాను వచ్చే వేళయింది.

"గీజరు వేస్తే హీటరు పోతాది, హీటరు వేస్తే గీజరు పోతాది. పిల్లోడికి నీళ్లు పోసే టయానికి రెండూ కావల్ల. నిన్న ఎన్నిసార్లు కరెంటు కొట్టేసిందో అత్తను అడగండి."

"ఒకటైనాక ఒకటి వేసుకోండి."

"తడి పిల్లోడిని పట్టుకోని గది వేడెక్కేదాకా కాచుకోవల్లనా? కొట్లో నూనె హీటర్లు ఉండాయి కదా. ఒకటి తెస్తే ఏమి?"

"మూడే మిగిలినాయి. వచ్చే వారం చలి ముదురుతాదంటాండారు. అప్పుడు ఎగబడతారు జనం." ఆయన టీ ఊదుకున్నాడు. "ఐనా కిటికీకి టేపు వేసినా కదా. గాలి రాకుంటే ఒక గొట్టం చాలు."

అది నిజమే. పోయిన శుక్రవారం ఆయన అట్టపెట్టెల టేపు తెచ్చి కిటికీ సందులన్నీ మూసేశాడు. ఏసీ చుట్టూ ఉన్న ఖాళీలో అట్టముక్కలు దూర్చాడు. తలుపు కింద సందుకు పాత తువ్వాలు చుట్టి పెట్టాడు. గదిలోకి దోమ దూరే దారి కూడా మిగల్చలేదని తనను తానే మెచ్చుకున్నాడు.

"ఊరందరికీ వెచ్చదనం అమ్ముతారు. మన బిడ్డకేమో టేపు," అంది గౌసియా బీ, చెప్పులు తొడుక్కుంటూ.

లోపలినుంచి బషీరా బీ వచ్చి గడప దగ్గర నిలబడింది. శాలువాలో ఒదిగిన చిన్న మనిషి. "రేయ్ నూరూ, మన పక్క బాలింత మంచం కింద కుంపటి పెట్టందే పురుడు చేస్తామా? సాంబ్రాణి పొగ, ఇంత వాము వేసిన నిప్పు. నువ్వు పుట్టిన చలికాలం ఆ కుంపటే నిన్ను కాచింది. ఈ గొట్టం దేనికి రా, బీడీ అంటించుకోవడానికా?"

మిస్బా గదిలోంచి నవ్వింది. "దాదీ, మెల్లగా. ఇప్పుడే పడుకున్నాడు."

"ఇది రాయచోటి కాదు మా," అన్నాడు నూర్ మహమ్మద్ లేస్తూ.

"చలి యాడైనా చలే."

ఆయన కొట్టు తాళాలు అందుకున్నాడు. కొట్టు తెరిచే వేళయింది. ఇంట్లో మాటకు మాట చెప్పే ఓపిక ఆయనకు ఎప్పుడో అయిపోయింది. ఆ ఓపికంతా కొట్టులో ఖర్చవుతుంది.

కొట్టులో మొదటి బేరం రత్నరాజుది. నరసాపురం పక్క మనిషి. నూర్ మహమ్మద్ వాళ్ల అంతస్తులోనే ఎదురు ఫ్లాటు. భార్య ఎలీసమ్మ నర్సు.

"ఈ రాడ్ హీటరు చవగ్గా ఉందండి బాబూ. ఇది చాలదాండి?"

"పిల్లలుండే ఇంట్లో రాడ్ వద్దు రాజుగారూ. దుప్పటి కొస తగిలితే అంటుకుంటాది. నూనె హీటరు తీసుకోండి. నిదానంగా వేడెక్కుతాది, గది వెచ్చబడినాక తనే ఆగుతాది. గోడ సాకెట్లోనే పెట్టండి, ఎక్స్‌టెన్షన్ వైరు వద్దు. గీజరు నడిచేటప్పుడు దీన్ని వేయొద్దు. వేస్తే వైరు కాలుతాది. దీనిమీద బట్టలు ఆరేయొద్దు. రేకుల మధ్య దుమ్ము తుడుస్తాండల్ల." ఆయన చెప్పుకుంటూ పోయాడు. "బొగ్గుల జోలికి మాత్రం పోవద్దు. తలుపులు మూసిన గదిలో బొగ్గు వదిలే గ్యాసుకు వాసనుండదు, కంటికి కనపడదు. నిద్రలోనే ఖలాస్. ప్రతి చలికాలం ఎడారి గుడారాల్లో ఎవరో ఒకరు పోతానే ఉండారు."

రత్నరాజు తల పంకించాడు. "ఇంత తెలిసినోరు, మీ ఇంట్లో ఎన్ని పెట్టేరండి?"

"కొట్టే మాది. మాకేం కొదవ," అన్నాడు నూర్ మహమ్మద్ పెట్టెకు తాడు కడుతూ. మూడు రెండయ్యాయి. మంచి ధరే వచ్చింది.

మధ్యాహ్నం కొట్టు మూసి ఇంటికి వచ్చేసరికి కాళ్లు లాగుతున్నాయి. రెండుసార్లు తలుపు కొట్టినా ఎవరూ తీయలేదు. తాళంచెవితో తీసుకుని లోపలికెళ్లాడు. హాల్లో చలి. బాలింత గది తలుపు తోస్తే కింద తువ్వాలు అడ్డుపడింది. గట్టిగా తోశాడు.

వెచ్చటి గాలి ముఖానికి తగిలింది.

సాంబ్రాణి వాసన, వాము వాసన. ఎన్నాళ్లకో ముక్కుకు తగిలిన వాసన. మంచం మీద మిస్బా, పక్కనే గుడ్డల్లో చుట్టిన పసివాడు. మంచం పక్కన గోడకు ఆనుకుని తల్లి. ముగ్గురూ నిద్రపోతున్నారు. మంచం కింద పాత రంగుల డబ్బాలో బొగ్గులు, పైన పల్చటి బూడిద. పొగ కూడా లేదు. ఆయనకు మొట్టమొదట కలిగిన ఆలోచన భయం కాదు. గది వెచ్చబడిందే అనుకున్నాడు. ఇక కొట్టులోని రెండు హీటర్లూ మంచి ధరకు పోతాయి. ఆ తృప్తితోనే గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. బూట్లు విప్పుకున్నాడు. కళ్లు మూతలు పడుతున్నాయి.

అప్పుడు తల్లి శాలువా కంటబడింది. దాని మీద వాంతి చారలు. ఆమె తుడుచుకోలేదు.

"మా," అన్నాడు. ఆమె కదల్లేదు. "మిస్బా. బిడ్డా." మిస్బా ఏదో గొణిగింది, కళ్లు తెరవలేకపోయింది. పసివాడిని ఎత్తుకుంటే మెడ వాలిపోయింది. ఏడవలేదు.

పొద్దున తను రత్నరాజుకు చెప్పిన మాటలన్నీ అప్పుడు ఆయన చెవిలో పడ్డాయి.

పసివాడిని చంకనేసుకుని, ఒంటి చేత్తో కిటికీ టేపు పీకాడు. తను గట్టిగా, రెండు వరుసలుగా వేసిన టేపు. గోళ్లు విరిగాయి కానీ అది ఊడలేదు. చివరికి బూటుతో అద్దం పగలగొట్టాడు. ఎదురు తలుపు బాదితే నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్న ఎలీసమ్మ నైటీ మీద చున్నీ వేసుకుని పరిగెత్తుకొచ్చింది.

"అందర్నీ మెట్ల మీదకి లాగండి నూర్ భాయ్ గారూ, గాలికి. ముందు ఆ డబ్బా బయట పడెయ్యండి. బాబుని నాకివ్వండి." ఆమె పసివాడి అరికాలు మీద గట్టిగా చిటిక వేసింది. మళ్లీ వేసింది. మూడోసారికి వాడు సన్నగా, పిల్లికూనలా ఏడ్చాడు. "ఆఁ, ఏడు నాన్నా, ఏడు. ఏవండీ, అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండి," అని లోపలున్న రత్నరాజుకు కేకేసింది.

ఆసుపత్రిలో ముగ్గురికీ ఆక్సిజన్ పెట్టారు. దజీజ్‌లో గోడౌన్ పని వదిలేసి వచ్చిన అల్లుడు అఫ్రోజ్ మామ పక్కనుంచే నేరుగా లోపలికెళ్లాడు. కొడుకు పక్కన నిలబడి వాడి పొట్ట లేచి దిగడం చూస్తూ ఉండిపోయాడు. గదిలోకి బొగ్గు ఎలా వచ్చిందని డాక్టరు అడిగాడు.

"మా అమ్మ పెట్టింది," అన్నాడు నూర్ మహమ్మద్ హిందీలో. "పల్లెటూరి మనిషి. ఏమీ తెలీదు."

పక్క మంచం మీద మాస్కు కింద బషీరా బీ కళ్లు తెరిచే ఉన్నాయి.

మర్నాడు ముగ్గురినీ ఇంటికి పంపించారు. పసివాడు పాలు తాగుతున్నాడు, ఏ లోపమూ లేదని చెప్పారు. పగిలిన కిటికీకి అఫ్రోజ్ అట్ట కట్టాడు. మిస్బాను హాల్లో పడుకోబెట్టారు. బషీరా బీ మాత్రం వంటింటి గుమ్మంలోనే కూర్చుండిపోయింది. నీళ్లు పోసే వేళయింది. ఆమె లేవలేదు.

"దాదీ, వీడికి నీళ్లు," అంది మిస్బా.

"మీ అమ్మ పోస్తాదిలే. నా చేతులొద్దు."

నూర్ మహమ్మద్ తల పట్టుకుని కూర్చున్నాడు. ఒక్క రోజులో పదేళ్లు మీద పడ్డట్టుంది. "గౌసియా లీవు పెడతాది. నీ టికెట్టు ముందుకు జరిపిస్తా మా. ఇంటికి పోయి నెమ్మదిగా ఉండు. ఇక్కడ నీకూ కష్టం, మాకూ కష్టం."

బషీరా బీ శాలువా ముఖం మీదికి లాక్కుంది. మాట్లాడింది గౌసియా బీ.

"ఆమెను పంపిస్తే గది వెచ్చబడతాదా?"

"మధ్యలో నువ్వెందుకు?"

"మధ్యలో ఉండేదే నేను. నీళ్లు పోసేటప్పుడు కరెంటు పోయింది. తడి పిల్లోడు వణుకుతాండాడని కింద బకాలా కొట్టుకు పోయి బొగ్గులు తెచ్చింది అత్త. అరబ్బీ రాదు, హిందీ రాదు. చేత్తో సైగ చేసి అడిగి తెచ్చింది. ఈ వయసులో మూడు అంతస్తులు దిగి ఎక్కింది. మీరు ఒక హీటరు మోసుకోని ఎక్కింటే ఆమెకు ఆ బాధ ఉండేది కాదు. డాక్టరుకు ఏం చెప్పినారు? ఏమీ తెలీదనా?"

"తెలీకనే కదా పెట్టింది."

"నాకు తెలీదు నిజమే," అంది బషీరా బీ. గొంతు ఇంకా బొంగురుగా ఉంది. "మా ఇంటికి బోదగడ్డి కప్పు. తలుపు సందులో పిల్లి దూరేది. ఆ ఇంట్లో కుంపటి పెట్టి నిన్నూ నీ చెల్లెళ్లనూ సాకినా. ఇక్కడ పెట్టకూడదని నాకెవురు చెప్పినారు? ఇది రాయచోటి కాదన్నావు. ఎందుకు కాదో చెప్పినావా? కొట్టుకొచ్చినోళ్లకు చెప్తావంట, ఎలీసమ్మ చెప్పింది. వాళ్ల ఆయనకు పూస గుచ్చినట్టు చెప్పినావంట. నేను బేరానికి రాలేదనా రా?"

నూర్ మహమ్మద్ తల మీంచి చేతులు తీశాడు. మెల్లగా లేచి వంటింటి గుమ్మంలో తల్లి ఎదురుగా కూర్చున్నాడు.

"మా, నిన్న గదిలోకొచ్చినప్పుడు నేను మిమ్మల్ని చూడలేదు," అన్నాడు. "వెచ్చదనం చూసినా. ఇంక హీటరు తేనక్కర్లేదు అనుకున్నా. బూట్లు విప్పి కూచున్నా. మీరు ముగ్గురూ పోతాంటే నేను లాభం చూసుకుంటా కూచున్నా." విరిగిన గోళ్లను చూసుకున్నాడు. "నిప్పు నువ్వు పెట్టినావు. గాలి మూసింది నేను. డాక్టరుకు సగమే చెప్పినా."

గోడ వైపు తిరిగి నిలబడ్డ అఫ్రోజ్ ముక్కు ఎగబీల్చాడు.

బషీరా బీ కొడుకు దగ్గరికి జరిగింది. శాలువా కొసతో ఆయన ముఖం తుడిచింది. "నువ్వూ అలిసిపోయినావు రా," అంది.

ఆ సాయంత్రమే మామా అల్లుళ్లు కొట్టునుంచి నూనె హీటరు మోసుకొచ్చారు. నూర్ మహమ్మద్ గోడ సాకెట్ విప్పి చూశాడు. లోపల నల్లగా మాడి ఉంది. కొత్తది బిగించాడు. అద్దాల మనిషిని పిలిపించి కిటికీ బాగుచేయించి, పైన వేలెడు సందు వదిలాడు. హీటరును మంచానికీ పరదాకూ దూరంగా పెట్టి, తల్లిని పిలిచాడు. కొట్టులో బేరానికి చెప్పినంత నిదానంగా చెప్పాడు.

"ఈ చెవి ఎంతవరకు తిప్పల్ల?"

"సగం చాలు మా. వేడెక్కినాక టక్కుమంటాది, భయపడొద్దు. నీళ్లు పోసేటప్పుడు ముందు గీజరు వేయల్ల. నీళ్లు కాగినాక దాన్ని ఆపి దీన్ని వేయల్ల."

"గుడ్డ కప్పొచ్చునా?"

"కప్పకూడదు. ఎందుకంటే లోపల వేడి బయటికి పోదు. కాలిపోతాది."

"ఆఁ, అట్ల చెప్పల్ల," అంది బషీరా బీ. "ఎందుకో చెప్తే ఎందుకు వినను?"

ఆమె చేతులు రుద్దుకుని వెచ్చచేసుకుని, పసివాడిని ఒళ్లో బోర్లా వేసుకుంది. వీపుకు నూనె రాస్తుంటే వాడు ఒళ్లు విరుచుకుని, ముఖమంతా ముడతలు పెట్టి తుమ్మాడు. ఆ చిన్న తుమ్ముకు గదిలో ఉన్న వాళ్లంతా ఒక్కసారే తలలు తిప్పి చూశారు. "అల్‌హందులిల్లా," అంది బషీరా బీ. మిస్బా నవ్వబోయి ఏడ్చేసింది.

ఆ చలికాలం చివర నూర్ మహమ్మద్ మనసులో వేసుకున్న లెక్క చిన్నది. ఇంట్లో ఒక్కరూ తగ్గలేదు. తల్లి చిల్లా పూర్తిచేసి, మనవరాలు మిస్బాకు తలస్నానం తన చేత్తోనే చేయించి, తన టికెట్టు ప్రకారమే విమానం ఎక్కింది. ఎక్కే ముందు కొడుకు చెయ్యి పట్టుకుని, "ఫోన్లో అయినా సరే, ఏదైనా వద్దంటే ఎందుకో చెప్పు," అంది. చెప్తానన్నాడు. అన్నేళ్ల వ్యాపారంలో ఆయనకు మిగిలిన వాటిలో ఆ మాట ఒకటి.