ముప్పయ్యారో గొంతు

పిల్లలూ, ఒక తోటలో ఎన్ని రకాల ప్రాణులున్నాయో కంటితో చూడకుండా లెక్కపెట్టాలంటే ఎలా?

"వినాలి," అంది హారిక.

అవును. మన విల్లో తోటలోని తెల్ల స్తంభం చేసేది అదే. దాని మైకు కూతలన్నీ వింటుంది. రోజూ ఒకే వేళకు, ఒకే తీరులో వినిపించే గొంతును ఒక జాతిగా రాసుకుంటుంది.

విల్లో చలిదేశాల చెట్టు. మన ఎండకు తట్టుకునే రకాన్ని ల్యాబ్‌లో తయారుచేశారు. మూడేళ్లకోసారి కొట్టి కర్రను బాయిలర్లకు పంపుతారు, మోడు మళ్లీ చిగురిస్తుంది. దుక్కి లేదు, మందు లేదు, కాబట్టి నేలలో పురుగు బతుకుతుంది. వేరే పూత లేని రోజుల్లో పూస్తుంది, కాబట్టి తేనెటీగలొస్తాయి. వరస విడిచి వరస కొడతారు, అందుకని గూళ్లు మిగులుతాయి. మొదటి ఏడాది స్తంభం ముప్పయ్యారు జాతులంది. ఆ లెక్క తగ్గితే తోట పీకేసి పురుగుమందుల సాగు పెడతామన్నది అధికారుల ఒప్పందం.

మీ తాతయ్య జొన్నచేల దగ్గర పెరిగిన మనిషి. విల్లోలోనూ మంచె కట్టించుకుని, మూడు పూటలా "హో... ఓహోయ్" అని పిట్టల్ని తోలేవారు.

"గింజే లేని తోటలో ఎవర్ని తోలుతున్నారండీ?" అనేదాన్ని.

"గింజ లేదని వాటికి నువ్వేమైనా పాఠం చెప్పావా, పంతులమ్మా?"

పిట్టలు లేచేవి కావు. వాటికి అలవాటైపోయింది.

ఆయన పోయిన పదకొండో రోజున స్తంభం కబురు పంపింది: ఒక జాతి కనుమరుగైంది. పరిశోధకురాలు మంజరి వచ్చి ఆ జాతి గొంతు వినిపించింది. "హో... ఓహోయ్."

నేను ఏడవలేదు. లోపలికెళ్లి పొయ్యి మీది పాలు దించి వచ్చాను.

"అది మనిషి గొంతని, మొదటి లెక్కే తప్పని చెప్పమ్మా," అన్నాను.

"చెప్పాను, పెద్దమ్మా. ఆ లెక్కను బట్టే అధికారులు నూటపది ఊళ్లలో ఇలాంటి తోటలకు అనుమతిచ్చారట. లెక్క తప్పు కాదు, మీ తోటే తగ్గిందన్నారు. నెలాఖరుకు ట్రాక్టర్లు వస్తాయి."

మర్నాడు నేనే మంచె ఎక్కి అరిచాను. అచ్చం ఆయనలాగే అరిచాననుకున్నాను. వారం తిరక్కుండా స్తంభం రాసింది: కొత్త జాతి ఒకటి వచ్చింది. మొత్తం ముప్పయ్యారు.

"అంటే తోట నిలిచిందా, నానమ్మా?"

నిలిచింది. జీనువాయి పిట్టలు గూళ్లు పెడుతున్నాయి.

"మరి తాతయ్య గొంతు?"

కనుమరుగైన వాటి జాబితాలో ఉంది.

ఇక లేవండి. పొద్దుటిది, మధ్యాహ్నానిది అయ్యాయి. సాయంత్రంది ఇంకా మిగిలింది, వెళ్లి అరిచి వస్తాను.