పదో ఏటి చేతితొడుగు

నాగూర్‌బీకి చేతి ఒడుపు పోయిందంట. మొన్న హాసినిని పెళ్ళికూతుర్ని చేసేటప్పుడు ఒకటి కాదు రెండు కాదు, ఏడు గాజులు చిట్లగొట్టిందంట. ఏడో గాజు పెంకు మణికట్టులో దిగి పసుపు చీర మీద నెత్తురు చుక్క పడిందంట. అరవై దాటినా మొలకపట్టీ వేయించుకోనని మంకుపట్టు పడితే చేతులు ఇట్టాగే వణుకుతాయంట.

ఈ మాటలన్నీ గాలిలోంచి నీళ్ళు తీసే పంపు దగ్గర వరసలో నిలబడి ఎదురింటి శిరీషమ్మ అంది. ఆ వెనకే ఉన్న స్వప్నమ్మ విని, నిండిన బిందె ఇంట్లో దించను కూడా దించకుండా వచ్చి నాగూర్‌బీ చెవిన వేసింది. "నేను చెప్పానని మాత్రం అనబాకు తల్లీ" అని కూడా అంది.

నాగూర్‌బీ ముందు శిరీషమ్మని ఏడు తరాలూ కలిసొచ్చేట్టు తిట్టింది. తిట్లు అయిపోయాక అరుగు మీద కూచుని తన చేతుల వంక చూసుకుంది. రెండువేల డెబ్భై తొమ్మిదిలో కూడా నల్లరేగడిపాడులో పెళ్ళంటే మట్టిగాజులే. చేతిని కెమెరా ముందు పెడితే అచ్చు సరిపోయే గాజు పోతపోసి ఇచ్చే యంత్రాలు పట్నంలో వచ్చి ముప్పై ఏళ్ళయింది. అయినా పెళ్ళికూతురి చేతికి గాజు ఒక మనిషే ఎక్కించాలి. ఆ మనిషి మూడు ఊళ్ళకి నాగూర్‌బీయే. గాజు ఎక్కించడమంటే గాజుని తొయ్యడం కాదు. బొటనవేలి మొదట్లో ఉన్న ఎముకని అరచేతి గుంటలోకి ఒదిగించడం. ఆ ఎముక ఎంత లొంగుతుందో ఆమె వేళ్ళు పట్టుకోగానే చెప్పేస్తాయి. రెండుంబావు చెయ్యా, రెండున్నరా, రెండుముప్పావా అన్నది ఆమె ఎన్నడూ టేపు పెట్టి చూడలేదు.

గ్లాసు నిండా అంచుదాకా నీళ్ళు పోసి, అరచేతిలో నిలబెట్టి నూరు అంకెలు లెక్కబెట్టింది. చుక్క ఒలకలేదు.

"స్వప్నా, చెయ్యిటు తే."

స్వప్నమ్మ ఎప్పుడూ పట్టీ వేయించుకోలేదు. ఆమెకి రెండున్నర గాజు, నలభై ఏళ్ళుగా ఎక్కినట్టే ఎక్కింది.

"ఇప్పుడు చెప్పు. వణికేది నా చెయ్యా, ఆ శిరీష నాలుకా?"

సాయంత్రం కూతురు కాశింబీ కోల్డ్ స్టోరేజీలో డ్యూటీ దిగి వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళ పిల్ల. మిర్చి బస్తాలు, అదే టిక్కీలు, ఎత్తే ఆడవాళ్ళ ముఠాకి మేస్త్రి. హాసినిదీ ఆ ముఠాయే. ఒకప్పుడు ఆ టిక్కీలు మగ హమాలీలే ఎత్తేవాళ్ళు. ఆడవాళ్ళు కింద కూచుని ఘాటుకి తుమ్ముతూ తొడిమలు తీసేవాళ్ళు. తర్వాత మరమనుషులు వచ్చాయి. చలిగదిలో వాటి బ్యాటరీలు చచ్చేవి. బాగుచేసేవాడు వచ్చేదాకా సరుకు కదిలేది కాదు. ఆడమనిషికైతే ఆ బాధ లేదు. ఒకత్తి పడిపోతే ఇంకొకత్తి వస్తుంది. అందుకని కంపెనీ మరమనుషుల్ని పాత ఇనుములో వేసి, ఆడవాళ్ళకి మొలకపట్టీ వేసింది.

మొలకపట్టీ అంటే చంకకింద అతికించే గోరంత బిళ్ళ. దాన్నిండా పెప్టైడ్లు ఉంటాయి. పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాలనే పూసల్ని గుచ్చిన పొట్టి దండ. మనిషి నిద్రలో పడగానే ఆ దండలు నెత్తురులో కలిసి, మెదడు అడుగున శనగగింజంత ఉండే పీయూష గ్రంథి తలుపు తడతాయి. అది ఉలిక్కిపడి వృద్ధి హార్మోన్‌ని ధారగా వదులుతుంది. చిన్నపిల్లల్ని పెంచే హార్మోన్ అది. పాతకాలంలో కూడా ఇలాంటి మందులు ఉండేవి. అయితే కొన్నాళ్ళు తట్టించుకున్నాక ఆ గ్రంథి మొండికేసేది. ఎంత తట్టినా పలికేది కాదు. డాక్టర్ ఆలూరి నిరంజన కనిపెట్టింది ఆ మొండితనానికి విరుగుడు. ఆమె పట్టీ రెండు రకాల దండల్ని వంతులేసుకుని పంపుతుంది. ఒకదానికి గ్రంథి అలవాటు పడేలోగా రెండోది వచ్చి తడుతుంది. ఇక ఆ గ్రంథికి అలసట లేదు, సెలవు లేదు.

పట్టీ పెట్టె మీద రంగురంగుల్లో ఒక పట్టిక ఉంటుంది, 'ఎప్పటికి ఏమవుతుంది' అని. రెండో వారానికి గాఢనిద్ర. మొదటి నెలలో ఆకలి, వేళ్ళలో కాస్త తిమ్మిరి, భయపడక్కర్లేదు. మూడో నెలకి నడుం దగ్గర కొవ్వు కరుగుతుంది. ఆరో నెలకి కండ. పన్నెండో నెల దగ్గర నవ్వుతున్న ఆడమనిషి బొమ్మ వేసి, 'మీరు కొత్త మనిషి' అని రాసి ఉంటుంది. అక్కడితో పట్టిక అయిపోయింది. కాశింబీ పట్టీ వేసుకుని రెండేళ్ళు నిండాయి. మర్నాడే మూడో ఏటి పట్టీ మార్చే రోజు.

"చెయ్యి కడుక్కుని ఇటు రా" అంది నాగూర్‌బీ.

"ఇప్పుడు గాజులేందమ్మా, ఒళ్ళు హూనమై వస్తే."

కూతురి పెళ్ళినాడు ఈ చేతికే రెండుంబావు గాజులు రెండు డజన్లు, మాటల్లో పెట్టి ఎక్కించింది తను. ఇవాళ అవి వేళ్ళ కణుపుల దగ్గరే ఆగిపోయాయి. రెండున్నర తీసింది. అది బొటనవేలి ఎముక దగ్గర ఆగింది. ఇంకాస్త నొక్కితే చిట్లేదే.

"కండ పట్టిందిలే."

"కండైతే నొక్కితే లొంగుద్ది. ఇది ఎముకే. నీ చెయ్యి నాకు కొత్తా? ఏదీ, నోరు తెరువు."

"నేనేమన్నా గొడ్డునా పళ్ళు చూడ్డానికి?"

అయినా తెరిచింది. చిన్నప్పుడు ముత్యాలు కూర్చినట్టుండే పలువరస. ఇప్పుడు పంటికీ పంటికీ మధ్య గడ్డిపోచ దూరేంత సందు. దవడ ముందుకొచ్చింది. రోజూ చూసే మొహం కాబట్టి కళ్ళు మోసపోయాయి. నాగూర్‌బీ ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

తెల్లారి కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గరికి పోయింది. అక్కడ ఆరోగ్యసఖి అనే యంత్రం ఉంటుంది. నాడి చూసేదీ అదే, పట్టీలిచ్చేదీ అదే. చలిగదిలోకి పోయేవాళ్ళకి చేతితొడుగులూ బూట్లూ ఇచ్చేదీ అదే. మూడు పనులకి మూడు యంత్రాలెందుకని కంపెనీ ఒకదానికే మూడూ కట్టబెట్టింది.

"ఇదిగో సఖమ్మా, నా కూతురు కాశింబీ చేతులు ఎందుకు పెరుగుతున్నయ్?"

"కాశింబీ గారి కొలతలు అంచనాకు లోబడే ఉన్నాయి" అంది యంత్రం, రేడియో మనిషి గొంతుతో.

"ఎవరి అంచనా?"

"పట్టికలో ఉన్న అంచనా."

"పెట్టె మీద పట్టిక పన్నెండో నెలతో ఐపోయింది గదా. నా కూతురికి రెండేళ్ళు నిండినయ్."

"పెట్టె మీది పట్టిక వాడేవారి కోసం. పూర్తి పట్టిక సామగ్రి విభాగం కోసం."

"సామగ్రా?"

"చేతితొడుగులు, బూట్లు, హెల్మెట్లు. చేతులు ఎప్పటికి ఎంత అవుతాయో ముందే తెలియకపోతే సరైన సైజులు సమయానికి రావు. మూడో ఏటి, ఐదో ఏటి, ఏడో ఏటి, పదో ఏటి తొడుగులు స్టాకులో ఉన్నాయి."

నాగూర్‌బీకి అరికాళ్ళ నుంచి మంట లేచింది. "ఇది మాకెవరికీ చెప్పకూడదని దాచారా?"

"దాచమని నాకు ఎవరూ చెప్పలేదు. మీరే మొదట అడిగారు."

"పదో ఏడు తర్వాత?"

"పదో ఏడు తర్వాత తొడుగులకు ఆర్డరు లేదు. అవసరం ఉండదని అంచనా."

"అప్పటికి పట్టీ తీసేస్తారనా?"

"కాదు."

"మరి?"

"గుండె కూడా కండరమే. అది కూడా పెరుగుతుంది. ఆ కొలతలు నా దగ్గర ఉన్నాయి. గుండెకు తొడుగు ఉండదు కనుక సామగ్రి విభాగం వాటిని అడగలేదు."

"ఇప్పుడు ఆపేస్తే?"

"కండ రెండు నెలల్లో జారిపోతుంది. ఎముక వెనక్కి రాదు. మూడో ఏడు మొదలుకాక ముందు ఆపినవారికి గుండె నిలబడే అవకాశం ఎక్కువ."

"పదో ఏటి తొడుగు ఒకటి ఇట్టా తే."

కింది అర తెరుచుకుంది. బూడిదరంగు తొడుగు, ఎడమచేతిది. నాగూర్‌బీ చెయ్యి అందులో పెడితే, చాటలో చిట్టిగరిటె పెట్టినట్టయింది.

టిఫిన్ల వేళ షెడ్డులో యాభైమంది ఆడవాళ్ళు బారుగా కూచుని ఉన్నారు. బల్ల మీద మూడో ఏటి పట్టీలు పేర్చి ఉన్నాయి. అతికించడం సరిగా ఉందో లేదో చూడ్డానికి ఏడాదికోసారి వచ్చే డాక్టర్ నిరంజన కూడా వచ్చింది. కాశింబీ తన పట్టీ అప్పటికే చేతిలోకి తీసుకుంది. నాగూర్‌బీ తిన్నగా పోయి ఆ తొడుగుని వాళ్ళ ఇడ్లీల మధ్య పడేసింది.

"ఏంది బీబమ్మా ఇది, మీ ఆయన కాలి చెప్పా?" అంది కొత్త పెళ్ళికూతురు హాసిని. నలుగురు నవ్వారు.

"నీ చెయ్యేనే అది. ఇంకో ఎనిమిదేళ్ళకి. మీ ఆయన పట్టుకోడానికి రెండు చేతులూ చాలవు" అని, యంత్రం చెప్పిందంతా ఒక్క ముక్క వదలకుండా చెప్పింది. గుండె సంగతి దగ్గరకొచ్చేసరికి షెడ్డులో నవ్వులు లేవు. హాసిని తొడుగు తీసి పెట్టుకుని చూసింది. వెంటనే కాలినట్టు తీసేసింది.

నిరంజన గడుసుదే గానీ అబద్ధాల మనిషి కాదు. "యంత్రం చెప్పింది నిజమే" అంది. "అది సగటు. అందరికీ అట్లాగే అవ్వాలని లేదు."

"సగటుకి తొడుగులు కుట్టించారుగా డాక్టరమ్మా? అనుమానమున్నవాళ్ళు ముందే గుడ్డ కొనరు. ఒళ్ళు అలిసిపోతే 'ఇక చాలు' అంటది. ఆ చాలు అనేదాన్ని నువ్వు గొంతు నొక్కి చంపావు. అలిసిపోవడం రోగమని నీకెవరు చెప్పారు?"

"అమ్మా, ఆగు" అంది కాశింబీ. లేచి నిలబడింది. తల్లి మీద ఆమెకీ కోపంగానే ఉంది. "నానమ్మ ఈ షెడ్డులోనే తొడిమలు తీసీ తీసీ, ఆ ఘాటు పీల్చీ పీల్చీ, నలభై ఆరుకే ఊపిరాడక పోయింది. ఆమెకి ఎవరు ఏ పట్టిక ఇచ్చారు? అప్పుడు నువ్వెందుకు అరవలా? నేను లేచి నిలబడి, మగాళ్ళతో సమానంగా ఎత్తబట్టి రెండేళ్ళయింది. ఇది పీకేస్తే రెండు నెలల్లో మళ్ళీ కింద కూచోవాలి. అదేనా నీక్కావాల్సింది?"

"కూచో. కూచుని రోజూ నన్ను తిట్టు. ముసలిదానివైందాకా తిట్టు" అంది నాగూర్‌బీ.

ఆడవాళ్ళు కొందరు కాశింబీ వైపు చూశారు, కొందరు తొడుగు వైపు. ఎవరి లెక్క వాళ్ళకుంది. ఒకామె పక్కనామెతో "పదేళ్ళంటే మా చిన్నదాని చదువు ఐపోద్ది" అని గొణిగింది. ఆ మాట నాగూర్‌బీకి అన్నిటికన్నా కోపం తెప్పించింది.

"విన్నారుగా" అంది నిరంజన. "ఇది వాళ్ళ ఇష్టం. నేను ఎవరినీ బలవంతపెట్టలేదు. అందరూ చదివి సంతకం పెట్టారు."

"చదివింది పన్నెండు నెలలది మేడమ్" అంది కాశింబీ. ఈసారి ఆమె తల్లి వైపు చూడలేదు. పట్టీ అట్ట ఊడదీయబోయిన గోరు అక్కడే ఆగిపోయింది. "ఒక్కటడుగుతా. ప్రకటనల్లో మీరు 'మనందరి పట్టీ' అని చెప్తుంటారు. మీరెన్నో ఏట్లో ఉన్నారు?"

నాగూర్‌బీ నిరంజన కుడిచెయ్యి అందుకుంది. అలవాటుగా బొటనవేలు మొదట్లో చూపుడువేలు ఆనించి, తన గాజుల సంచిలోంచి ఎర్రగాజు ఒకటి తీసింది. రెండుంబావు. ఒదిగించే పని లేకుండానే, కణుపులకి తగలకుండానే, గాజు మణికట్టు మీదికి జారి నిలిచింది. యాభైమందీ చూశారు.

నిరంజన దాన్ని లాగబోయి మానేసింది. ఏడాదికోసారి వచ్చి ఎండలో ఈ రేకుల షెడ్డులో నిలబడటం ఆమెకి ఎప్పుడూ ఇష్టం లేదు. మొహం ఎర్రబడింది. గాజున్న చెయ్యి వెనక్కి లాక్కుని అంది:

"నేను మూటలు మొయ్యను కదా."