క్యాసెట్‌లోని గొంతు

సెప్టెంబరు శనివారం పొద్దున్నే దోబ్రి పెరట్లో పొయ్యి రాజేశాడు. చలికాలానికి నిల్వ పచ్చడి పెట్టే రోజది. నది ఒడ్డునున్న రూసే పట్టణంలో వాళ్ళ వీధి వీధంతా కాల్చిన క్యాప్సికం వాసనే. అతని భార్య రలిత్స చేతులు మోచేతుల దాకా ఎర్రగా చేసుకుని కాల్చినవాటి తొక్కలు ఒలుస్తోంది.

ఖాళీ సీసాల కోసం అటకెక్కిన కూతురు యానా సీసాలకు బదులు ఒక అట్టపెట్టెతో దిగింది. అందులో పాత క్యాసెట్లు, వాటి కింద బ్యాటరీలతో నడిచే టేపురికార్డరు ఉన్నాయి. పదహారేళ్ళ పిల్లకు అదొక వింత. ఎక్కడెక్కడి బ్యాటరీలో పీకి తెచ్చి, కిటికీ గట్టు మీద పెట్టి మోగించింది.

మొదట రేడియోలోంచి పట్టుకున్న రాక్ పాటలు వచ్చాయి. రలిత్స ఒక్కో పాటకీ ఒక్కో సంగతి చెప్పింది. ఇది బడి ఎగ్గొట్టి నది ఒడ్డున విన్నది, ఇది కరెంటు పోయిన చలికాలంలో కోటు వేసుకుని విన్నది అంటూ. తర్వాత ఆమె చిన్నప్పుడు స్నేహితులతో కలిసి తయారుచేసుకున్న ర్యాప్ పాట మొదలైంది. రలిత్స తొక్కలు ఒలవడం ఆపేసింది. మాటలు తడబడకుండా, గుక్క తిప్పుకోకుండా పాటతో పాటు చెప్పుకుపోయింది. యానా నోరు తెరుచుకుని చూసింది.

దోబ్రి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. ఈ ఇంట్లో ఆమె కూనిరాగం తీయగా కూడా అతను వినలేదు.

పాటలో ఒక మగగొంతు కూడా ఉంది. మధ్యలో ఒకచోట ఆ గొంతు "రల్కా" అని మురిపెంగా పిలిచింది. దోబ్రి ఎన్నడూ పిలవని ముద్దుపేరు. క్యాసెట్ పెట్టె మీద నీలిసిరాతో రాసి ఉంది: "రల్కాకి. ఈసారైనా పోగొట్టుకోకు."

"ఎవరిచ్చారిది?" అన్నాడు.

రలిత్స ముఖం పక్కకు తిప్పుకుంది. "అప్పటి సంగతులు. పచ్చడి పనయ్యాక చెప్తాలే."

యానా ఊరుకోలేదు. అమ్మ దగ్గర విన్నదంతా చెప్పేసింది. అమ్మ బృందంలో విహ్రెన్ అని ఒకతను గిటారు వాయించేవాడట, ఇప్పుడతనికి బజార్లో గిటార్లు బాగుచేసే దుకాణం ఉందట. మొన్న అమ్మ ఆ పక్కగా వెళ్తే గుర్తుపట్టి పలకరించాడట. దోబ్రి చేతిలోని గరిటె పొయ్యి పక్కన పడేశాడు. మొన్న కలిసిందా? తనతో మాటమాత్రం అనలేదే?

మధ్యాహ్నం తల్లీకూతుళ్ళు సీసాల మూతలు కొనడానికి వెళ్ళారు. దోబ్రి రెండుసార్లు కిటికీ దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. మూడోసారి క్యాసెట్ తీసి పొయ్యిలో పడేశాడు. అది ముడుచుకుని బుడగలు లేచి నల్లటి పొగ చిమ్మింది. ఒక్క క్షణం అతని ప్రాణం చల్లబడింది.

రలిత్స గుమ్మంలోకి రాగానే వాసన పట్టేసింది. కిటికీ గట్టు చూసింది. పొయ్యి చూసింది.

"కాల్చేశావా?"

"ఎవడో నిన్ను రల్కా అని పిలుస్తుంటే నా ఇంట్లో కూర్చుని నేను వినాలా?" అన్నాడు దోబ్రి. "వాడు మొన్న నిన్ను పలకరించాడట కూడా. నాకెందుకు చెప్పలేదు?"

రలిత్స గొంతు పెంచలేదు. మూతల సంచి నేల మీద పెట్టింది.

"అది విహ్రెన్ గొంతు కాదు దోబ్రీ. మా అన్నయ్య గొంతు."

ఆమె అన్న ఆసెన్ ఫోటో ముందు గదిలోనే ఉంది. ఆమెకు పద్దెనిమిదేళ్ళప్పుడు మోటారుసైకిల్ ప్రమాదంలో పోయాడు. వాళ్ళ ఆచారం ప్రకారం ఏటా అతని సమాధి దగ్గరికి ఉడికించిన గోధుమలు తీసుకెళ్ళేది దోబ్రే.

"పోయిందనుకున్న టేపు. ఇవాళే దొరికింది," అంది రలిత్స. "ఏడుపొస్తే పని ఆగిపోతుందని ఊరుకున్నా. సాయంత్రం ముగ్గురం కూర్చుని విందామనుకున్నా. మా అన్నయ్య గొంతు నీకూ వినిపిద్దామనుకున్నా."

ఆ రోజు పచ్చడి అడుగంటింది. ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత మూడు రోజులు రలిత్స ఉప్పు అందించు, తలుపు వేయి అన్న మాటలు తప్ప మాట్లాడలేదు. యానా తండ్రి ముఖం చూడలేదు.

నాలుగో రోజు ఓడరేవులో డ్యూటీ దిగి దోబ్రి నేరుగా విహ్రెన్ దుకాణానికి వెళ్ళాడు. అందగాణ్ణి ఊహించుకుని వెళ్ళినవాడికి బట్టతల, సోడాబుడ్డి కళ్ళద్దాలతో ఒక మనిషి కనిపించాడు. అయినా గోడ మీది గిటార్లు చూడగానే మళ్ళీ ఒళ్ళు మండింది. రలిత్స భర్తనని చెప్పుకుని, చేసిన పనంతా దాచకుండా చెప్పాడు. చెప్తున్నంతసేపూ తల కొట్టేసినట్టయింది.

విహ్రెన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఆ పాట ఇంకెక్కడా లేదు," అన్నాడు. "సాధన చేసేప్పటి టేపు ఒకటుంది. అందులో ఆసెన్ నిమిషం కూడా మాట్లాడడు."

"అదైనా ఇవ్వండి."

విహ్రెన్ లోపలికి వెళ్ళి వెతికి తెచ్చాడు. దోబ్రి తీసుకుని కూడా కదలలేదు. అడగకూడదనుకుంటూనే అడిగేశాడు. "ఆమె అంటే మీకు ఇష్టముండేదా?"

"ఉండేది," అన్నాడు విహ్రెన్. "ఆమెకి మాత్రం ఆ పాటలే లోకం. నన్ను గిటారుకి తగిలించిన మనిషిలా చూసేది." కాస్త నవ్వి, "మీరైనా నయం. పద్దెనిమిదేళ్ళుగా ఆమెతో కలిసి తింటున్నారు," అన్నాడు.

ఇంటికి రాగానే దోబ్రి టేపు భార్య ముందు పెట్టాడు. ఎక్కణ్ణుంచి తెచ్చాడో చెప్పాడు. ఆమె యానాని పిలిచి టేపు పెట్టింది.

గరగరల మధ్య గిటారు సగంలో ఆగింది. "రల్కా, గుక్క తిప్పుకో. పాట ఎక్కడికీ పారిపోదు," అన్నాడు ఆసెన్. ఆ వెంటనే ఒక ఆడపిల్ల నవ్వింది. పగలబడి, ఆపుకోలేక, వెక్కిళ్ళు వచ్చేదాకా నవ్వింది. టేపు అక్కడితో అయిపోయింది.

రలిత్స రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. యానా తల్లి భుజం పట్టుకుంది. దోబ్రి మాత్రం ఆ నవ్వు దగ్గరే ఆగిపోయాడు. తనని ఈ నాలుగు రోజులూ కాల్చింది విహ్రెన్ కాదు. పదిహేడేళ్ళ ఈ పిల్ల. తనకు తెలియని, తన కోసం ఒక్కసారీ ఇలా నవ్వని పిల్ల.

"ఆ నవ్వు నేనెప్పుడూ వినలేదు రలిత్సా," అన్నాడు. "దాని మీద అసూయ నాకు. ఇప్పటికీ ఉంది."

"అన్నయ్య పోయాక నేనూ వినలేదు," అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ. "నువ్వు చేసింది ఇవాళ క్షమించానని చెప్పలేను. అబద్ధమవుతుంది."

దోబ్రి తలూపి లేవబోయాడు. ఆమె అతని చొక్కా అంచు పట్టుకుని ఆపింది.

"ఎక్కడికి? కూర్చో. మా అన్నయ్య నీకు బావమరిది కాదూ? సరిగ్గా విను."

టేపు వెనక్కి తిప్పి ఆమె మళ్ళీ మీట నొక్కింది. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళకు దోబ్రి తన బావమరిది మాట సరిగ్గా విన్నాడు. ఈసారి ఏడ్చింది అతనే.